అత్తయ్య రేడియోకి చల్లటి పెట్టె

ఇప్పటి చార్జర్లు చేతికి చల్లగా తగిలినప్పుడల్లా మా మేనమామ గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంటుంది. పిల్లలమంతా ఆయన్ని సెగ మావయ్య అనేవాళ్ళం. కోపిష్టి కాదు పాపం. రేడియోలు బాగుచేసే ఆయన గదిలో ఏ పెట్టె ముట్టుకున్నా చెయ్యి చురుక్కుమనేది.

అన్నిటికన్నా వేడిది అత్తయ్య రేడియోకి కరెంటిచ్చే పెట్టె. రేడియోకి కావలసింది తొమ్మిది వోల్టులు. కరెంటు తగ్గినా లోటు రాకూడదని మావయ్య పద్దెనిమిది వచ్చేలా ట్రాన్స్‌ఫార్మర్ చుట్టుకున్నాడు. పైన మిగిలిందంతా, తొమ్మిది దాటి పోనివ్వకుండా చూసే లోపలి రెగ్యులేటర్ వేడిగా వదిలేది, ఎండాకాలం వస్తే తనూ మాడిపోయేది. మాడినప్పుడల్లా అత్తయ్య మొహం చిన్నబోయేది. ఎక్కడో దూరాన ఉన్న రేడియో స్టేషన్లో ఆవిడ చెల్లెలు సాయంత్రంపూట వాతావరణ వార్తలు చదివేది. ఇళ్ళల్లో ఫోన్లు లేని రోజులు. అక్కాచెల్లెళ్ళకి మిగిలింది ఆ గొంతొక్కటే.

మావయ్య పంతం పట్టాడు. కరెంటుని క్షణానికి వేలసార్లు ఆపుతూ వదులుతూ, కావలసినంతే పంపే కొత్తరకం రెగ్యులేటర్ కట్టాడు. సెగన్నది లేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ చెయ్యీ పట్టుకుని ఆ పెట్టె మీద పెట్టించేవాడు. పాలవాణ్ణి కూడా వదల్లేదు.

"ఏమంటోంది మీ చెల్లెలు?" అని మావయ్య అడిగితే అత్తయ్య, "ఏముంది, వానలట," అనేది. రోజూ అదే జవాబు. అనుమానం వచ్చి, ఒకరోజు వార్తల వేళకి వెళ్ళి పక్కన కూర్చున్నాడు. రేడియోలో జుయ్యిమని ఒకటే రొద. దాని వెనకాల ఎవరో ఆడమనిషి మాట్లాడుతున్నట్టుంది, అంతే. అలా ఆపుతూ వదులుతూ కొత్త రెగ్యులేటర్ చేసే గోలంతా రేడియోలోకి చొరబడుతోంది.

"ఎన్నాళ్ళనుంచి ఇలా?"

"పెట్టిన రోజునుంచీ."

"నోట్లో బెల్లం ముక్క పెట్టుకుని కూర్చున్నావా?"

"మీరంత సంబరపడుతుంటే ఎలా చెప్పమంటారు?"

మర్నాడు మావయ్య వేరే పని ముట్టుకోలేదు. పాత రెగ్యులేటర్నే బయటకి తీశాడు. కావలసినదానికి రెట్టింపు దాని నెత్తిన పోసి, వేడెక్కుతోందని దాన్నే ఆడిపోసుకున్నందుకు తనని తాను తిట్టుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు కొన్ని విప్పి, పదమూడు వోల్టులే వచ్చేలా చేశాడు. వేడిని లాగేసే అల్యూమినియం రేకు పెద్దది బిగించాడు. పెట్టె గోరువెచ్చగా ఉంది.

సాయంత్రం అందరం చుట్టూ చేరాం. రొద లేదు. వార్తలు అయిపోయాయి. మావయ్య అత్తయ్య వంక చూశాడు.

"దానికి జలుబు చేసిందండీ," అంది అత్తయ్య, కళ్ళు తుడుచుకుంటూ. "ఒంట్లో బాగాలేకపోయినా చదివేస్తోంది, పిచ్చిది."

మాకెవరికీ ఆ తేడా తెలియలేదు.