ఎవరి గడపలో కూర్చోవాలి

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. రెండు వారాలు కావస్తోంది. గద్వాలలో మా రెండిళ్ళకూ ఒకటే గోడ. ఆ పొద్దు గోడ అవతల మగ్గం చప్పుడు వినబడకపోతే వెళ్ళి చూశాం. చాప మీద నిద్రపోతున్నట్టే ఉంది. ఫోను గుప్పిట్లో ఉంది.

చుట్టాలందరికీ కబురు చేశాం. చిన్న కొడుక్కి మాత్రం చెయ్యలేకపోయాం. గోదాములో పని అని ఏజెంటు చెప్తే అతను రష్యాకు పోయాడు. అక్కడ చేతికి తుపాకి ఇచ్చి, ఆ దేశం పక్క దేశం మీద చేస్తున్న యుద్ధంలోకి తోశారు. "మమ్ముల ముందటికి పంపుతరంట అమ్మా" అన్నదే అతని చివరి ఫోను. అప్పటికి నెల దాటింది.

మా ఆవిడ రెండు కాన్పులకూ నీళ్ళు పోసింది పెద్దమ్మే. ఎవరు దిగులుపడినా "పోగు తెగితే ముడేస్తం. తెగుతదేమోనని నెయ్యకుంట కూసుంటమా?" అనేది. ఆ నెలలో ఆ మాట ఆమె నోట వినలేదు. కొంచెం నేసేది, ఆపేది, ఫోను మోగిందేమోనని వినేది. చప్పుడు ఆగినప్పుడల్లా గోడ ఇవతల అన్నం తింటున్న మేమూ ముద్ద ఆపేవాళ్ళం. సందులో తెలియని బండి ఆగితే, ఏం కబురు తెచ్చిందోనని ఆమె తలుపు చాటుకు పోయేది.

ఆమెకు చదువు రాదు. పొద్దున్నే మా ఇంటికొచ్చే పేపరు నేను చదివి చెప్పేవాణ్ణి.

"ఏమంటుండ్రు బిడ్డా?"

"లడాయి ఆపాలెనని రష్యా పెద్దాయనను దేశాలన్ని అడుగుతున్నయ్ పెద్దమ్మా."

"నిన్న గూడ గదే జెప్పినవ్. పాత పేపరు సదువుతున్నవేమో సూడు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"యాడ కూసోని అడుగుతుండ్రు? ఆయన గడపలనా, వాళ్ళిండ్లల్లనా?"

"మీటింగుల్ల."

"మనింట్ల కూసోని జెప్తే ఎవడింటడు?"

ఊరికే అన్న మాట కాదది. బలమున్నవాడు పక్కవాడి జాగాలోకి జరిగితే, పెద్దలు పోయి వాడి గడపలో కూర్చోవడం మా వీధి పద్ధతి. వాడు దిగొచ్చేదాకా వాడి నీళ్ళు ముట్టరు. నా పెళ్ళయిన ఏడాది ఒకాయన ఒంటరి ఆడమనిషి పెరట్లోకి గోడ జరిపాడు. పెద్దలు నిలబడి మాట చెప్పి వెళ్ళిపోయారు. పెద్దమ్మ ఒక్కతే పోయి కూర్చుంది. అతని భార్య చెంబు తెచ్చి, "తాగు వదినె, ఎండల సస్తవ్" అంది.

"సస్తే నీ గడపలనే గద, నువ్వే మోస్తవ్ తియ్యి" అంది ఈమె.

పొద్దు వాలకముందే అతను గోడ విప్పడం మొదలుపెట్టాడు.

అలాంటి మనిషి ఒకరోజు నన్ను అడిగింది: "నన్ను గాడికి తోల్కపోతరా బిడ్డా? ఆయనకు గూడ గడప ఉంటది గద." నేను పేపరు మడిచాను. గొంతు తగ్గించి ఇంకో మాట అంది. "మనోడు గూడ ఒకరింట్ల జొర్రినోళ్ళతోనే ఉన్నడు గద. ఆ ఇంటి తల్లి ఉసురు వానికి తాకదా?"

పదో రోజు కృష్ణ ఒడ్డుకు పోయాం. పంతులు దర్భలు ముందేసుకుని కొడుకుల కోసం ఉంగరాలు చుడుతూ అడిగాడు. "రెండో ఆయన రాలేదా? దూరంల ఉంటే ఆయన పేర ఉంగరం సుట్టి ఆకుల పెడ్తం. పానంతోని లేనోళ్ళకైతే సుట్టం. ఉన్నడు గద?"

పెద్ద కొడుకు నా వైపు చూశాడు. పేపరు చదివేది నేనే కదా. ఆ పొద్దు కూడా దేశాలు ఆపమనే అడిగాయి. అంతకు మించి నాకేం తెలుసు?

"సుట్టుండ్రి" అన్నాను.

ఒక ఉంగరం పెద్దవాడి వేలికెక్కింది. రెండోది మోదుగాకులో పెట్టారు. అతను నీళ్ళు వదులుతున్నంతసేపూ నది మీది గాలి ఆకు అంచును లేపుతూనే ఉంది. లేచినప్పుడల్లా, ఉంగరం ఎగిరిపోకుండా మేమందరం ఒక్కసారే చెయ్యి చాపాం.