మావ తెచ్చిన కొత్త పాగా

మా అన్న తలకు చుట్టడానికని మావ తన తలమీది పాగా విప్పుతుంటే, దాని మడతల్లోంచి సగం కాలిన చుట్ట ఒకటి జారి అక్షతల పళ్ళెంలో పడింది.

నాన్న పోయిన పన్నెండో రోజు అది. వాకిట్లో చాపల మీద ఊరి పెద్దలూ చుట్టాలూ కూర్చుని ఉన్నారు. పీట మీద అన్న, అతని ఎదురుగా మావ, అంటే మా అమ్మకు స్వయానా తమ్ముడు. చుట్ట పడితే ఎంత చప్పుడవుతుంది? అయినా వాకిలంతటికీ వినిపించింది. మావ మాత్రం తొణకలేదు. వంగి తీసి, అంటిన బియ్యపుగింజలు దులిపి, చెవి మీద పెట్టుకున్నాడు.

"ఇదిక్కడున్నాదేటి? నిన్న మాపటేల నుంచీ ఎతుకుతన్నాను" అన్నాడు, ఎవరో అడిగినట్టు.

నాన్నకు తమ్ముడు, మా చిన్నాన్న, చాప మీంచి లేచాడు.

"కొత్త గుడ్డ అట్టుకొస్తానని కబురెట్టినావు కదా బావా. ఇదేటి?"

"కొత్తదే బావా. మొన్ననే మగ్గం దిగినాది."

"మగ్గం దిగి సరాసరి నీ నెత్తెక్కినాదా?"

మావ ఇంకో మడత విప్పుతూ పోయాడు. జవాబిస్తే అవునని చెప్పాలి మరి.

మా ఇళ్ళలో ఆనవాయితీ ఏమంటే, ఇంటి యజమాని పోతే పన్నెండో రోజున పెద్దకొడుకు తలకు అతని మేనమామ పాగా చుట్టాలి. ఆ గుడ్డ కొత్తది కావాలి, నీళ్ళు చూడనిది కావాలి, అంతకు ముందు ఏ తలకూ తాకనిది కావాలి. పొద్దు గుంకేలోపు ఆ పని జరిగిపోవాలి. పాగా చుట్టించుకున్నవాడే అక్కణ్ణించి ఇంటిపెద్ద. ఏరువాక నాడు నాగలి మేడి పట్టి మొదటి సాలు దున్నేది అతనే. ఉమ్మడి సేద్యంలో ఏ మడిలో ఏ విత్తనం చల్లాలన్నా అతని మాటే చెల్లుతుంది. అన్నకు అప్పటికి మీసం సరిగ్గా రాలేదు. చిన్నాన్న ముప్పై ఏళ్ళుగా ఆ మళ్ళలో బురద తొక్కినవాడు. కుర్రాడి వెనక నడవడం ఆయనకు ఇష్టం లేదని ఊరందరికీ తెలుసు. కానీ ఆనవాయితీని కాదనే ధైర్యం ఆయనకు లేదు. అందుచేత ఆనవాయితీలోనే ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని చూస్తున్నాడు. ఆ సందును మా మావ నెత్తిన పెట్టుకుని మరీ తెచ్చాడు.

అవి యుద్ధం రోజులు. అంగడికి వెళితే గుడ్డ దొరికేది కాదు. విజయనగరంలో పెద్దకొట్లవాళ్ళు సైతం చేతులు తిప్పేసేవారు. కట్టుకోవడానికే లేనప్పుడు పన్నెండు మూరల పాగాగుడ్డ ఎక్కడిది? మావ ఊరు శ్రీముఖలింగానికి ఎగువన, వంశధార ఒడ్డున. ఆయన పొందూరులో తనకు తెలిసిన నేతగాడి ఇంటికి పోయి, అరుగు దిగకుండా కూర్చుని, బతిమాలి, కోప్పడి, మళ్ళీ బతిమాలి, మొత్తానికి నేయించాడు. ఆ మాత్రం కష్టం పడ్డాడని ఒప్పుకోవాలి. కర్మకు కూర్చున్న అన్న కదలకూడదు గనక మావను వెంటబెట్టుకు రావడానికి నన్ను పంపారు.

నేను వెళ్ళేసరికి మావ బోడితలతో గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన్ని పాగా లేకుండా చూడలేదు. ఆయన పాత పాగా గొడుగు, గొంగళి, సంచి, చేంతాడు అన్నీను. బావిలో చెంబు దించడానికి అదే, ఎద్దు బెదిరితే మొహాన కప్పడానికి అదే, మామిడికాయలు మూటగట్టడానికి అదే. తోటలో పడుకుంటే కింద సగం, పైన సగం. మనవడు పుట్టాక, ఉయ్యాలకు గుడ్డ దొరక్క అత్త ఆ పాగాను దూలానికి కట్టేసింది. అప్పటి నుంచీ ఆయనకు నెత్తి ఎండడమే కాదు, చేతులు కూడా ఆడడం లేదు.

కొత్త గుడ్డ చూపించాడు. పాలమీగడ రంగు. గంజి వాసన ఇంకా పోలేదు. నా సంచి తెరిచి, ఇందులో పెట్టమన్నాను.

"సంచిలోదా? సంచి సంచీ ఎవుడో అట్టుకుపోతాడు. ఈ కాలంలో గుడ్డ కనిపిత్తే దొంగలు కానోళ్ళెవురు? నెత్తి మీదుంటే ఎవుడు తీత్తాడురా అల్లుడా?"

"నెత్తి మీద పెట్టుకోకూడదు కదా మావా, అదే కదా అసలు సంగతి."

"నాను పెట్టుకోట్లేదురా. మోత్తన్నాను. రెంటికీ తేడా నేదేటి?"

తేడా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన మాత్రం అద్దం అడిగి మరీ మోశాడు.

వంశధారలో ఇసుక నిప్పుల్లా ఉంది. ఏరు సన్నటి పాయై అవతలి ఒడ్డున పారుతోంది. నడిమధ్య దాహమేసి ఇసుకలో చెలమ తీశాం. నీళ్ళు బురదబురదగా ఊరాయి. నేను చెప్పబోయేలోపే మావ పాగా కొస ఒకటి లాగి చెంబు మూతికి కట్టి వడగట్టేశాడు.

"మావా!"

"కొసే కదరా. కొస లోపలికి దోపేత్తే ఎవుడికి కనిపిస్తాది?"

నీళ్ళు చూడకూడని గుడ్డ నీళ్ళు చూసింది. తడిసిన కొస చల్లగా ఉందని దాన్నే మెడమీదికి దించుకున్నాడు. ఒడ్డెక్కాక తాటిముంజెలు అమ్మేవాడు కనిపించాడు. ముంజెలకు మూట కావలసి వచ్చింది. ఆ తరవాత ఎక్కిన, పెట్రోలు కరువై బొగ్గుతో నడిచే బస్సు సంగతి చెప్పను. దాని మసి ఎలా ఉంటుందో ఆ కాలంవాళ్ళకు తెలుసు. దాన్నుంచి కాపాడుకోవడానికి మావ మొహమంతా దేనితో కప్పుకున్నాడో ఎవరైనా ఊహించవచ్చు.

ఆమదాలవలసలో రైలు ఆగేసరికి జనం తలుపుల దగ్గర తొక్కుకుంటున్నారు. మావ కిటికీలోంచి పాగా లోపలికి విసిరి బల్ల మీద పరిచి, చోటు మాదేనన్నాడు. మేం లోపలికి చేరేసరికి ఆ గుడ్డ పక్కన కళింగపట్నం నుంచి ఎండుచేపలు తెస్తున్న ఒక ఆడమనిషి నిలబడి ఉంది.

"ఏటయ్యా, గుడ్డ కూడా టికెట్టు కొన్నాదేటి, కాళ్ళు సాపుకుని కూకున్నాది?"

"అది గుడ్డ కాదే. పాగా. రేపు ఇంటిపెద్ద నెత్తి మీద కూకునేది."

"అలగైతే నా బుట్ట కూడా పెద్దింటిదే. పక్కపక్కన కూకోనీ" అంటూ బుట్ట దించి దాని మీదే పెట్టింది. మావకు ఆ మాట నచ్చింది. నవ్వాడు. విజయనగరం దాకా ఆమెతో చేపల ఊసులే. ఇద్దరూ సుఖంగా ఉన్నారు. నాకే ఒళ్ళు మండిపోతోంది.

దిగాక వాసన చూశాను. చూడకపోయినా తెలుస్తూనే ఉంది. ఏ చెరువులోనైనా ఒకసారి జాడించి ఆరేద్దామన్నాను.

మావ నన్ను జాలిగా చూశాడు. "సదువుకున్నావు గానీ, నీకు ఇంగితం నేదురా. ఉతికితే కొత్తదెలగవుతాది?"

కాదనలేకపోయాను. ఉతికితే ఉతికిన గుడ్డ. ఉతక్కపోతే ఇదీ. నెల్లిమర్ల దారిలో మా ఊరు చేరేదాకా దీనికి మూడో దారి ఏమైనా ఉందా అని ఆలోచిస్తూనే నడిచాను. లేదు. మావ చుట్ట కాలుస్తూ నడిచి, సగం మిగిలితే పాగా మడతలో దోపి మరిచిపోయాడు. ఇంటికి చేరగానే అన్నను పక్కకు పిలిచి చెప్పాను. అతను గుడ్డవైపు చూసి, "ఇంకెక్కడ తెస్తాం? మావ సెయ్యి మంచిదే, కానియ్యి" అన్నాడు.

ఇదీ జరిగింది. ఇప్పుడు వాకిట్లోకి వస్తే, చిన్నాన్న ప్రశ్న ఇంకా గాలిలోనే ఉంది. మావ అదేమీ పట్టనట్టు అన్న తల చుట్టూ గుడ్డ తిప్పడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. ఇసుక రాలింది. బొగ్గుమసి మరక నుదుటి మీదికి వచ్చింది. ఎండుచేపల వాసన ముందు చాప దాటి వెనక చాపల దాకా పోయింది. అన్న కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చున్నాడు. ఎలాగైనా పూర్తి కావాలని అతను ఊపిరి బిగబట్టడం నాకు కనిపిస్తోంది.

చిన్నాన్న వచ్చి వేలాడుతున్న రెండో కొస పట్టుకున్నాడు.

"ఆపు బావా. ఇది పాగా కాదు. నువ్వు తిరిగిన ఊళ్ళన్నీ ఇందులో ఉన్నాయి."

"ఒగ్గు బావా. సిరుగుతాది."

"సిరగనీ."

"సిరిగితే మళ్ళీ ఎక్కడ తెస్తాం? గుడ్డ దొరకట్లేదు. నీకు తెల్దేటి?"

ఒక కొస అన్న తల మీద, నడుమ మావ చేతుల్లో, రెండో కొస చిన్నాన్న పిడికిట్లో. ఎవరూ లాగరు, ఎవరూ వదలరు. గుడ్డకు అంత కరువున్న రోజుల్లో దాన్ని చింపే తెగువ ఇద్దరిలో ఎవరికీ లేదు. తలుపు చాటు నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఒరే తమ్ముడా, బతికున్నన్నాళ్ళూ మీ బావ నీ పాగా సూసి నవ్వినోడే. ఈయాల నవ్వడానికైనా ఆ మనిషి లేడు."

మావ చేతులు అప్పుడు ఆగాయి. ఆ ప్రయాణం మొత్తంలో మొదటిసారి తల దించుకున్నాడు.

పెద్దలు గుసగుసలాడారు. కర్మ చేయించిన బ్రాహ్మణ్ణి అడిగితే, తన మంత్రాలు ముగిశాయని, గుడ్డ సంగతి కులపెద్దలదని సంభావన సర్దుకున్నాడు. వేరే గుడ్డ కోసం మనిషిని నెల్లిమర్ల పంపారు. అతను పొద్దు గుంకే ముందు ఉత్త చేతులతో వచ్చాడు. చివరికి ఊళ్ళో అందరికన్నా పెద్దవాడు, చాలాసేపు గడ్డం రుద్దుకుని, తీర్పు చెప్పాడు.

"సుట్టినమట్టుకు సుట్టినట్టే."

చుట్టని మిగతా గుడ్డ సంగతి ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పాలి కదా. అందరూ భోజనాలకు లేచారు. అన్న మాత్రం ఆ రాత్రి నన్ను అడిగాడు, "ఎన్ని సుట్లు పడ్డాయిరా?" అని. నేను లెక్కపెట్టలేదు.

మర్నాడు మావ బోడితలతో, అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఎండలో ఊరికి బయల్దేరాడు. వెళుతూ వెళుతూ దండెం మీద ఉన్న గుడ్డవైపు ఒకసారి చూశాడు గానీ అడగలేదు. అమ్మ దాన్ని ఉతకనివ్వలేదు, వాడనివ్వలేదు.

ఏరువాక వచ్చింది. తెల్లవారి అన్న ఎడ్లను కట్టి వాకిట్లోకి తెచ్చేసరికి చిన్నాన్న కూడా తన జత కట్టి నిలబడి ఉన్నాడు. రెండు నాగళ్ళూ ఒకేసారి కదిలి, పొలంలో ఒకేసారి దిగాయి. మరుసటి ఏడూ అంతే. చిన్నాన్న పోయాక ఆయన కొడుకు ఆ మేడి పట్టాడు. ఇప్పటికీ మా మళ్ళలో ఏరువాకకు రెండు మొదటి సాళ్ళు పడుతున్నాయి.