పదిహేడో నంబరు జాయింటు

అన్నవరం ప్రసాదం చేతిలో ఉండగా ఎవరైనా అబద్ధం చెబుతారా? నేను చెప్పలేను. ఇది నాకు జరిగింది. నమ్మడం, మానడం మీ ఇష్టం.

ముందు నా పని సంగతి చెప్పాలి. తణుకు అవతల ఒక కాంట్రాక్టరు షెడ్డులో, అణు విద్యుత్ కేంద్రానికి వెళ్ళే నీటి పైపులు వెల్డింగ్ చేస్తారు. ఆ తనిఖీలు సరిగ్గా జరుగుతున్నాయో లేదో ఆ విద్యుత్ కేంద్రం తరఫున చూసేది నేను. బడికి వెళ్ళకుండా అమ్మ దగ్గరే చదువుకుని, ప్రైవేటుగా పరీక్షలు కట్టిన నాకు ఇంత ఉద్యోగం ఇచ్చాడని ఏటా సత్యదేవుడి కొండెక్కి దణ్ణం పెట్టుకుంటాను.

ప్రతి జాయింటుకూ ఎక్స్‌రే లాంటి ఫిల్ము తీస్తారు. ఆ కిరణాలు మనిషికి తగలకూడదు. అందుకే అందరూ ఇళ్ళకు వెళ్ళాక, రాత్రిపూటే ఆ పని. జాయింటు ఎవరిదో తెలియడానికి వెల్డరు నంబరును సీసపు అంకెలతో పక్కన అతికిస్తారు. ఫిల్ములో అవి తెల్లగా పడతాయి.

పదిహేడో నంబరు వీర్రాజు మేస్త్రీ గారిది. అరవై దగ్గర పడ్డ మనిషి. జాయింటు పూర్తయ్యాక చిన్న సుత్తితో మూడుసార్లు తట్టి, చెయ్యి కళ్ళకు అద్దుకునేవారు. టక్... టక్... టక్.

"ఏంటండీ మేస్త్రీ గారూ, పైపుని నిద్ర లేపుతున్నారా?" అని ఫిల్ములు తీసే సతీష్ ఏడిపించేవాడు.

"తలుపు కొట్టకుండా ఎవరింట్లోకైనా వెళ్తావేంట్రా? రేపు దీంట్లో గంగమ్మ కాపురం ఉంటది" అనేవారు ఆయన.

ఒక రాత్రి తీసిన పదిహేడో నంబరు ఫిల్ములో పగులు కనిపించింది. గోటితో గీరినట్టు... చివర రెండుగా చీలి. పనికిరాదని రాశాను. మర్నాడు మేస్త్రీ గారు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"అమ్మా, అది నా చెయ్యి కాదండి. ఇంకొక్కసారి తీయించండి."

"ఫిల్ము అబద్ధం చెప్పదు కదండీ."

"ఫిల్ము చెప్పదండి. అంకెలు అతికించేది మనుషులే కదండీ."

నేను తలెత్తలేదు. మళ్ళీ తీయించాలంటే ఇంకో రాత్రి మేలుకుని ఉండాలి. అంతే... అదొక్కటే కారణం. కాంట్రాక్టరు ఆయన్ని పనిలోంచి తీసేశాడు. పన్నెండో రోజున నిద్రలోనే పోయారని కబురొచ్చింది.

ఆ తర్వాత నెల రోజులకు... ఆ రాత్రి.

షెడ్డంతా తిరిగి, లోపల ఎవరూ లేరని చూసి, తాళం వేశాం. తాళంచెవి నా చేతిలోనే ఉంది. చుట్టూ తాడు కట్టాం. ఎర్రదీపం వెలిగింది. గోడ వెనక నేనూ సతీష్ ఇద్దరమే. అతను కిరణాలు వదిలాడు. నేను మనసులో నామం చెప్పుకుంటున్నాను. పంటకాలవ వైపు కప్పలు అరుస్తున్నాయి... ఉన్నట్టుండి అవీ ఆగాయి.

టక్.

లోపలి నుంచే. సతీష్ నా వైపు చూశాడు.

టక్...

టక్.

"ఆపు సతీష్! లోపల మనిషున్నాడు!"

అతను గబగబా కిరణాలు వెనక్కి లాగేశాడు. కిరణాలు కొలిచే మీటరు చూసుకుంటూ లోపలికి పరిగెత్తాం. యంత్రాల వెనక, పైపుల్లో, మూలమూలా వెతికాం. ఎవరూ లేరు.

చప్పుడు వచ్చిన చోట, పొద్దున్నే లారీకెక్కాల్సిన పైపులున్నాయి. నేను పాస్ చేసి పచ్చరంగు వేయించినవి. మొదటి దాని మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. కానీ లోపల సన్నగా... ఒణుకు. గంట కొట్టాక ఉంటుందే, అలా. నా వేళ్ళ కిందే మెల్లగా... మెల్లగా... ఆగిపోయింది.

"రాత్రి చల్లబడితే ఇనుము ముడుచుకుంటదండి మేడమ్. అప్పుడిలాగే చప్పుడవుద్ది" అన్నాడు సతీష్.

"లెక్కపెట్టినట్టు మూడుసార్లా?"

అతను టార్చి ఆ పైపు మీదకి తిప్పాడు.

ఆ పైపు మీద కొట్టి ఉన్న వెల్డరు నంబరు ఇరవైమూడు. "దీనికి మళ్ళీ తియ్యి. అంకెలు నేను అతికిస్తాను" అన్నాను. చీకటిగదిలో ఫిల్ము కడిగి దీపానికి ఎత్తి పట్టాను. గోటి గీత. చివర రెండుగా చీలి. అదే పగులు... పక్కన నేను అతికించిన ఇరవైమూడు.

కోసెయ్యడానికి పక్కన పడేసిన మేస్త్రీ గారి పైపుకీ తీయించాను. ఒక్క మచ్చ లేదు.

సతీష్ నేల మీద కూలబడ్డాడు. "ఆ రోజు రెండూ పక్కపక్కనే ఉన్నాయండి... అంకెలు మార్చి అతికించేసుంటానండి. పాపం నాదేనండి."

"ఆయన అడిగితే తీయించనిది నేను" అన్నాను.

లారీ ఆపించాను. నా తప్పుతో సహా అంతా కాగితం మీద రాసిచ్చాను. ఆ నకలు పట్టుకుని పాలకొల్లు దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆయన భార్య లక్ష్మమ్మ గారికి చదవడం రాదు. నేనే చదివాను. తప్పు ఆయనది కాదు అన్న వాక్యం రెండుసార్లు చదివించుకున్నారు. లోపలికి వెళ్ళి సుత్తి తెచ్చారు.

"పని పోయిన రోజు నుంచీ దేవుడి గూట్లోనే ఉందండి. మేడమ్ గారు మంచోరే, మళ్ళీ పిలుస్తారని రోజూ తుడిచి పెట్టేవారండి" అని నా చేతిలో పెట్టారు.

మరి ఆ రాత్రి తట్టింది ఏమిటో... నాకు తెలియదు. పగులున్న పైపు కేంద్రానికి వెళ్ళకుండా ఆగింది. దేవుడికో, మేస్త్రీ గారికో, చల్లబడ్డ ఇనుముకో... ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక ముగ్గురికీ పెడతాను.

ఇప్పుడు సంతకానికి ముందు, ప్రతి జాయింటునూ ఆ సుత్తితో మూడుసార్లు తడతాను. చెవి ఆనించి వింటాను. ఒక్కసారి బదులొస్తే క్షమించమని అడగాలని.

ఇంతవరకూ రాలేదు.