కరీం వేసుకున్న వేడర్స్

మా ఇంట్లో దయ్యం అనే మాట నౌకర్లు కూడా పైకి అనేవారు కాదు. తాతగారు ఊరుకునేవారు కాదు. నేనూ అలాగే పెరిగాను. ఇప్పుడు నౌకర్లు లేరు, భూములు లేవు. సౌదీలో, అల్ ఖోబర్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తూ అజీజియాలో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఇది రాయడం నాకు చిన్నతనంగానే ఉంది.

తాతగారు ఏటా కశ్మీర్ వెళ్ళి కొండవాగుల్లో ట్రౌట్ చేపలు పట్టేవారు. పోయిన వేసవిలో నేనూ మా తమ్ముడు కరీం అక్కడికి వెళ్ళాలనుకున్నాం. వాడు జిజాన్‌లో టెక్నీషియన్. సామాను కశ్మీర్‌లోనే అద్దెకు దొరుకుతుందన్నాడు. ఒకరు విడిచినవి తొడుక్కుని మా ఇంటివాళ్ళు నీళ్ళలో దిగరని చెప్పి అన్నీ కొత్తవి తెప్పించాను.

తాతగారిది ఒక పద్ధతి ఉండేది. నీళ్ళలో తొడుక్కునేది ఏదైనా ఇంట్లో ఒకసారి వేసుకుని, బిగించి చూసుకోనిదే పెట్టె మూయనిచ్చేవారు కాదు.

ప్రయాణానికి ముందు కరీం మా ఫ్లాట్‌కి వచ్చాడు. శుక్రవారం జుమా నమాజు అయ్యాక హాల్లో కార్పెట్ మీద అన్నీ పరిచాం. గాలం కర్రలు, రీళ్ళు, చేపలకు ఎరగా ఈకలతో కట్టిన దొంగ ఈగల డబ్బా, చన్నీళ్ళలో నిలబడటానికి ఛాతీ దాకా తొడుక్కునే వేడర్స్.

కరీం వేడర్స్ సీలు తీసి లోపల చెయ్యి పెట్టాను. మోకాలి దాకా తడి. మంచు కరిగిన నీళ్ళంత చల్లగా ఉంది. నా భార్య సల్మా ఏసీ కారిందేమోనని చూసింది. ఏసీ ఉన్నది అవతలి గోడకు.

బాల్కనీలో ఆరేశాను. ఆ ఎండకు ఇనుప కడ్డీ పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. సాయంత్రం అస్ర్ అజాన్ వినపడ్డాక లోపలికి తెచ్చి చూస్తే తడి నడుము దాకా వచ్చింది.

వాటిని కింద పడేసి వెనక్కి జరిగాను. సల్మా వాటిని పారేయమంది. కరీం మాత్రం నవ్వాడు.

"ఏందన్నా, తాత పేరు చెప్పి ఇంత సామాను కొంటివి. ఇప్పుడు ప్యాంటుకు భయపడతాండావా?"

ఆ మాట తగిలింది. వేసుకోమన్నాను.

వేసుకున్నాడు. బెల్టు బిగించాడు. రెండడుగులు వేశాక వాడి నవ్వు ఆగిపోయింది. పెదాలు నల్లబడ్డాయి.

"అన్నా, నీళ్ళు లాగుతాండాయి."

వాడు నిలబడింది కార్పెట్ మీద. కానీ ఒళ్ళంతా ఒక పక్కకు ఒరిగిపోతోంది, ప్రవాహానికి కాళ్ళు ఆననివాడిలా. బెల్టు బకిల్ ఎంత లాగినా ఊడలేదు. సల్మా వంటింట్లోంచి కత్తెర తెచ్చింది. బెల్టు తెంపి, గుడ్డను ఛాతీ నుంచి పాదం దాకా కోశాను. ఒక్క చుక్క కారలేదు. లోపలంతా పొడిగా ఉంది.

వాడి అరికాళ్ళు మాత్రం తెల్లగా నాని ముడతలు పడి ఉన్నాయి. ఒళ్ళు ఇంతగా ఎలా చల్లబడిందని ఆసుపత్రిలో డాక్టరు మమ్మల్నే అడిగాడు.

ప్రయాణం మానేశాం. సామానంతా నేనే తీసుకెళ్ళి చెత్తలో వేశాను.

జిజాన్ వెళ్ళే ముందు కరీం నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. "నువ్వు చెయ్యి వదలకుండా పట్టుకోబట్టి బతికితినన్నా."

ఆ సమయంలో నా రెండు చేతులూ కత్తెర మీదే ఉన్నాయి. సల్మా నా వెనక ఉంది. నేను కాదని వాడికి చెప్పలేకపోయాను.

ఆ చెయ్యి ఎవరిదో నాకు ఈరోజుకీ తెలియదు. అది వాడిని ఒడ్డుకు లాగిందో, లోపలికి లాగిందో కూడా తెలియదు.