గుడ్డలు కుక్కిన గంటలు

మేనమామ అనగానే నాకు పక్కకు వంచిన ఆయన తలే గుర్తొస్తుంది. అచ్చంపేట దగ్గర గొర్లు కాసేవాడు. అలా తల వంచి మెడగంటలు విని, ఏ గొర్రె ఏ పొద చాటున ఉందో చెప్పేవాడు.

ఒకనాడు మందకు తుమ్మకొమ్మలు కొడుతూ చెట్టు మీంచి జారాడు. తల బండకు తగిలి కాసేపు సోయి తప్పింది. రక్తం చుక్కైనా రాలేదు కాబట్టి దెబ్బే లేదని అందరం సంబరపడ్డాం.

వానాకాలం గడిచాక చూడబోయి నిర్ఘాంతపోయాను. మామ దొడ్లో కూర్చుని, ఒక్కో గొర్రెను దగ్గరకు లాక్కుని, దాని గంటలో పాతగుడ్డ కుక్కుతున్నాడు.

"గిట్లయితే తప్పిపోయిన గొర్రె ఎట్ల దొరుకుతది మామా?"

"జర మెల్లగ మాట్లాడు బిడ్డా. గంట మోగితే తల తిరుగుతాంది. గుండె దడదడ కొట్టుకుంటాంది."

ఆఖరి గంట కూడా ఆగిపోయింది. ఇక నెమ్మదిస్తాడనుకున్నాను. మామ తల పక్కకు వంచి విన్నాడు.

"ఇంకొకటి మోగుతనే ఉన్నది."

మందంతా తిరిగి చూశాను. అన్నిటికీ గుడ్డలున్నాయి. ఆ మాటే చెప్పాను. మామ నా చెయ్యి పట్టుకుని, ఆనాడు బండ తగిలిన చోట తన తల మీద పెట్టుకున్నాడు.

"గీడ మోగుతాంది బిడ్డా. దీనికి గుడ్డ యాడ కుక్కాలె?"