మామ పోసిన ఎపాక్సీ ముక్కలు

మొన్న మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినప్పుడు, కరెంటు ఎప్పుడొస్తుందా అని అందరూ బయట నిలబడి ఉంటే, నేను మాత్రం ఆ మాడు వాసనకు ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లోకి వెళ్లిపోయాను. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనిచేసిన నా ఈడు వారికి ఎపాక్సీ మాడిన వాసన గురించి వేరే చెప్పనక్కర్లేదు.

కరెంటు బయటికి పాకకుండా ఆపే దిమ్మెలను ఎపాక్సీ అనే జిగురుతో మా ఫ్యాక్టరీలో తయారుచేసేవారు. బొంతపల్లిలో ఉండే మా మేనమామ అక్కడ ఆ జిగురు కలిపి అచ్చుల్లో పోసేవాడు. దానివల్ల చేతులు పగిలి దురద పెట్టినా ఒక్కరోజు పని మానేవాడు కాదు. ఆయన చెప్పబట్టే నాకు పరీక్షల గదిలో ఉద్యోగం దొరికింది.

రేడియేషన్ ఉండే చోట వాడే దిమ్మెలకు పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు, కొన్ని నమూనా ముక్కలను బయటికి పంపి గామా కిరణాలు పట్టించి తెప్పించాం. తేనె రంగులో వెళ్లినవి డికాక్షన్ రంగులో తిరిగొచ్చాయి. వాటినీ, కిరణాలు తగలని ముక్కలనూ పక్కపక్కన పెట్టి, ఎంత వేడి తట్టుకుంటాయో చూడటానికి వారాల తరబడి ఓవెన్‌లో ఉంచడం నా పని. తీసి చూస్తే రెండు రకాలూ ఒకేలా నల్లబడి పగుళ్లిచ్చాయి. కిరణాలు తగలనివి కూడా అలా ఎందుకయ్యాయని నేను ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు, జిగురు కలపడంలోనే లోపమని రాసి సంతకం పెట్టాను. ఆ వారంలోనే మామను పనిలోంచి తీసేశారు.

కొన్ని నెలలకు ఓవెన్ సరిచూడటానికి వచ్చిన మెకానిక్ లోపల వేరే థర్మామీటరు పెట్టి చూసి, "సార్, ఇది సూపిచ్చేదానికంటె ఎక్కువ కాలుతున్నది. శానా దినాల సంది గిట్లనే ఉన్నట్టుంది" అన్నాడు. అంటే ముక్కలు పగిలింది ఆ వేడికే, మామ కలిపిన జిగురు వల్ల కాదు. వెంటనే వెళ్లి చెబితే, అయిపోయిన ముచ్చట ఎందుకు తవ్వుతావని మా ఆఫీసరు కసురుకున్నాడు.

ఆ ఆదివారం బొంతపల్లి వెళ్లాను. మామ అప్పటికి ఒక గోదాములో వాచ్‌మన్‌గా కుదిరాడు. నేను చెప్పిందంతా తలవంచుకుని విని, నాకు చాయ్ పెట్టమని అత్తకు చెప్పి, "నా చేతిల తప్పు లేదని నాకెరుకే అల్లుడా. రాసే ముంగట, మామా ఎట్ల కలిపినవ్ అని ఒక్కపారి అడుగుతవేమో అని సూసిన" అన్నాడు.

తిరిగొచ్చి నివేదిక మళ్లీ రాసిచ్చాను. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మామ ఆ గోదాము దగ్గరే ముసలివాడై, అక్కడే పోయాడు.

ఇప్పటి ఓవెన్లు వేడిలో తేడా వస్తే వాటంతటవే ఆగిపోతాయట. పనివాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు, పోతారు. ముక్కను పరీక్షించేవాడికి దాన్ని పోసినవాడి ముఖం కూడా తెలియదు. నాకు తెలుసు. మామ జిగురు కలిపేది పక్క షెడ్డులోనే.