బ్యాటరీకి పెట్టిన బొట్టు

బడికీ నాకూ పెద్ద సఖ్యత లేదు. ఐదో తరగతిలోనే ఒకరినొకరం వదిలించుకున్నాం. నేను అల్లూరులో లారీ షెడ్డుకు చేరాను, బడి ప్రశాంతంగా ఉండిపోయింది. మీసాలు వచ్చేసరికి బ్యాటరీల పని నాకే తెలుసని ఊళ్లో పేరొచ్చింది. మిగతావాళ్లు బ్యాటరీని ముట్టుకోవడానికి భయపడేవాళ్లు, నా గొప్పంతా అదే.

ఆ భయం లేని మనిషి ఒకామె ఉండేది. బన్నుల అన్నకు ఇల్లు అద్దెకిచ్చిన అవ్వ.

బన్నుల అన్న క్రైస్తవుడు. అవ్వ పెరట్లో రేకుల కింద మట్టి బట్టీ కట్టి బన్నులు కాల్చి అమ్మేవాడు. పిండి పులవడానికి కల్లు కలిపేవాడు. మద్యనిషేధం రోజులవి. కల్లు ఎక్కడిదని నేనడగలేదు, బన్ను పెడితే వద్దనలేదు. వానలు మొదలైతే సరుగుడు కట్టె తడిసి పొగే తప్ప మంట ఇచ్చేది కాదు. ఆ వీధికి కరెంటు ఇంకా రాలేదు. అందుకని పాత మిలిటరీ సామాన్లలో దొరికిన చిన్న ఫ్యాను బట్టీ నోటికి బిగించి, లారీ బ్యాటరీ తగిలించి ఇచ్చాను. స్విచ్చి వేస్తే ఫ్యాను గుయ్యిమనేది, కట్టె మారుమాట లేకుండా మండేది.

ఆ యేడు ఆయుధపూజ వెళ్లిన మూడోనాడు చర్చిలో పెళ్లి. బన్నులు నెల్లూరు నుంచి తెప్పిస్తానని సంఘపెద్ద అంటే, "ఊళ్లో నేనుండగానా?" అని అన్న రొమ్ము విరుచుకుని ఒప్పుకొచ్చాడు. పెళ్లి ముందురోజు మధ్యాహ్నానికి పిండి పొంగి రేకు తట్టల అంచులు దాటింది. బయట జడివాన. స్విచ్చి వేస్తే ఫ్యాను ఉలకలేదు, పలకలేదు. నాకు కబురొచ్చింది.

"ఏందిరా ఇది, మొన్నటిదాకా బాగుండె గదా!" అన్నాడు అన్న, పొగకు కళ్లు తుడుచుకుంటూ.

"పిండికి కల్లు పోసినావు, దానికి పోయలేదు. అలిగిందన్నా."

"నీ ఎకసెక్కాలు ఆపు. నెల్లూరు బస్సు పోయేలోపల సంఘపెద్దకు ఏ సంగతో చెప్పాల. లేదంటే రేపు చర్చిలో నా మొహం చూసేవాడుండడు."

ఫ్యాను రెక్కను వేలితో తిప్పాను, తిరిగింది. స్విచ్చి తీసేసి తీగలు నేరుగా ముడేశాను, ఫలితం లేదు. తీగల కొసలకు లారీ వెనక లైటు బల్బు ఆనించాను, వెలగలేదు. "బ్యాటరీ చచ్చిందన్నా" అని తీర్పు చెప్పాను. అన్న తువ్వాలు నెత్తిన వేసుకుని, సంఘపెద్ద ఇంటివైపు వానలో నడిచాడు.

బ్యాటరీని షెడ్డుకు మోసుకుపోదామని తీగల పట్టీలు విప్పాను. వేళ్లకు పచ్చగా అంటుకుంది. బ్యాటరీ మీది పసుపూ కుంకుమా అప్పటిదాకా నా కళ్లెదుటే ఉన్నాయి. ఆ రెండు మూడు రోజులు మా ఊళ్లో లారీకీ, నాగలికీ, నా సైకిలు గంటకీ బొట్టు ఉండేది. బొట్టు లేని బ్యాటరీ అయితే నాకు అనుమానం వచ్చుండేది. పట్టీల కింద, తీగలకు కరెంటిచ్చే సీసపు బుడిపెల మీద గంధం గోడకు కొట్టిన సున్నంలా ఎండి ఉంది. గోటితో గీకి బల్బు ఆనించాను. భగ్గున వెలిగింది.

"అన్నా, ఆగు! చావలా! ముస్తాబు ఎక్కువైంది, అంతే!"

అన్న పరుగున వచ్చాడు. ఆయనకంటే ముందు అవ్వ వచ్చింది.

"దాని జోలికి రాబాక! పండగపూట పెట్టిన బొట్టు ఎవురన్నా తుడస్తారా? పటకారుతో మర తిప్పి, చింతపండేసి తోమి, గంధం పట్టించి మళ్లా బిగించినా. నా ఇంట్లో సామాను బోసిమొహంతో ఉంటే నేనొప్పుకుంటానా?"

అన్న నావైపు చూశాడు, అవ్వవైపు చూశాడు, పొంగిన పిండివైపు చూశాడు. ఇల్లు ఆమెది.

"అవ్వా, బొట్టు నుదుటికి పెడతారా, నోట్లో కుక్కుతారా?" అన్నాను నేను.

"నుదుటికే. అదేం ప్రశ్నరా?"

"ఈ బుడిపెలు రెండూ దాని నోళ్లు. మొన్నటినించి నోటినిండా గంధంతో కూచోనుండాది. ఇంక మాటెట్టొస్తది?"

అవ్వ వంగి బ్యాటరీని పరీక్షగా చూసింది. "ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చు గదరా" అంటూ తన కొంగుతోనే తుడిచింది. "నుదురేదో చూపీ."

బ్యాటరీ పెట్టె పక్కభాగం చూపించాను. అక్కడ నిండుగా బొట్టు పెట్టాకే పట్టీలు బిగించనిచ్చింది. ఫ్యాను గుయ్యిమంది. నెల్లూరు బస్సు హారను కొడుతూ పోతుంటే అన్న తలెత్తి కూడా చూడలేదు, తొలి తట్ట బట్టీలోకి తోస్తున్నాడు.

మర్నాడు సంఘపెద్ద మూడో బన్ను తింటూ, నెల్లూరు వాళ్లకు ఈ చేయి లేదన్నాడు. అవ్వకు అన్న ఒక తట్ట విడిగా పంపాడు.

మరుసటి యేడు ఆయుధపూజనాడు పొద్దున్నే షెడ్డుకు అవ్వ కబురు పంపింది. కొత్త కుట్టుమిషను కొన్నదట, దాని నుదురెక్కడో వచ్చి చూపించి పొమ్మంది.